నాలుగు రకాల యాపిల్ చెట్టు కొనడం మేలా, మన చేత్తో అంటు కట్టుకోవడం మేలా?

పెరట్లో యాపిల్ చెట్టు పెంచుకోవాలని ఆశపడే తెలుగువాళ్లు మా చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. మేముండేది న్యూయార్క్ రాష్ట్రంలో, ఒంటారియో సరస్సుకు దక్షిణపు ఒడ్డున ఉన్న రాచెస్టర్‌లో. పక్కనున్న వేన్ కౌంటీ యాపిల్ తోటలకు పెట్టింది పేరు. ఏప్రిల్ రాగానే తోట సామాన్ల దుకాణాల ముందు వరసగా నిలబెట్టే మొక్కల్లో అందరి కళ్లూ పడేది, ఒకే చెట్టుకు నాలుగు రకాల పండ్లు కాస్తాయని చెప్పే అంటు మొక్క మీదే. 2018లో నేనూ అలాంటిది ఒకటి కొన్నాను. రెండేళ్ల తర్వాత, 2020 మార్చి నుంచి, వేరు మూలాలనూ (అంటుకు అడుగున వేరుగా ఉండే మొక్కలు) నాకు నచ్చిన రకాల పుల్లలనూ విడివిడిగా తెప్పించుకొని స్వయంగా అంటు కట్టుకోవడం మొదలుపెట్టాను. రెండు పద్ధతులనూ ఒకే పెరట్లో, ఒకే బంకమట్టిలో, పక్కపక్కనే చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను. దుకాణంలో దొరికే నాలుగు రకాల చెట్టును నేను ఎవరికీ సిఫారసు చేయను. అందుకు కారణం అది కాయకపోవడం కాదు, అది కాసింది. దాని అడుగున ఉన్న వేరు ఏ జాతిదో అమ్మినవారు చెప్పలేకపోవడమే అసలు కారణం.

ముందుగా ఆ చెట్టు సంగతి చెబుతాను. దాదాపు 80 డాలర్లు పెట్టి తెచ్చిన ఆ మొక్క ఐదడుగుల ఎత్తుంది. నాలుగు కొమ్మలకూ నాలుగు రంగుల ప్లాస్టిక్ చీటీలు కట్టి ఉన్నాయి: గాలా, హనీక్రిస్ప్, గోల్డెన్ డెలీషియస్, ఫ్యూజీ. మొదలు దగ్గర ఉన్న పెద్ద చీటీ మీద ‘సెమీ డ్వార్ఫ్’ (మధ్యరకం పొట్టి) అన్న మాట తప్ప వేరు మూలం గురించి మరొక్క అక్షరం లేదు. అడిగితే దుకాణంలోని వారు మర్యాదగానే సమాధానం చెప్పారు గానీ, తమకు మొక్కలు పంపే నర్సరీ ఆ వివరం ఇవ్వదన్నారు. నాలుగు రకాలనూ అంటు కట్టిన తీరు చూస్తే, ఎక్కువ జోరుగా పెరిగే ఫ్యూజీని అన్నిటికన్నా పైన, నెమ్మదిగా పెరిగే హనీక్రిస్ప్‌ను అన్నిటికన్నా కింద పెట్టారు. చెట్టు తన బలాన్నంతా పైనున్న చిగురుకే పంపుతుంది కాబట్టి మూడో ఏడు వచ్చేసరికి ఫ్యూజీ కొమ్మ నా తల దాటి ఏడడుగులు పెరిగింది. హనీక్రిస్ప్ కొమ్మ మాత్రం నా మోచేతి పొడవు దాటలేదు. ఏటా చలికాలంలో ఫ్యూజీని గట్టిగా కత్తిరించి, హనీక్రిస్ప్‌ను ముట్టుకోకుండా వదిలి ఉంటే ఈ తేడా కొంత తగ్గేది. ఆ మాట మొక్కతో ఇచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. పైగా అంటు కట్టేటప్పుడే బలహీనమైన రకాన్ని పైన పెట్టి ఉంటే కొన్నవారికి ఇంత శ్రమ ఉండేది కాదు.

గోల్డెన్ డెలీషియస్ అన్న చీటీ ఉన్న కొమ్మ 2021లో మొదటిసారి కాసినప్పుడు పసుపు పండ్లకు బదులు ఎర్రచారల పండ్లు దిగాయి. అవి ఏ రకమో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ ఏడు వేసవిలోనే గాలా కొమ్మ ఆకులు ఉన్నట్టుండి పసుపుబారాయి. దగ్గరకు వెళ్లి చూస్తే, చీటీని కట్టిన సన్నని తీగ కొమ్మ లావెక్కేకొద్దీ బెరడులోకి దిగిపోయి, పైన బెరడు ఉంగరంలా ఉబ్బి, తీగ కంటికి కనబడకుండా పోయింది. చాకు మొనతో పైకి లేపి తుంచేటప్పటికే ఆలస్యమైంది. మరుసటి ఏడు ఆ కొమ్మ ఎండిపోయింది. ఇలాంటి మొక్క ఇప్పటికే మీ పెరట్లో ఉంటే ఈ రోజే వెళ్లి చీటీల తీగలు వదులు చేయండి, ప్రతి కొమ్మ ఎటువైపు ఉందో ఒక కాగితం మీద బొమ్మ గీసి పెట్టుకోండి.

ఇక వేరు మూలం విషయం. పండు రుచినీ రంగునీ పైన కట్టిన రకం నిర్ణయిస్తుంది. చెట్టు ఎంత ఎత్తు పెరగాలి, ఎన్నేళ్లకు కాపుకు రావాలి, గాలికి నిలబడుతుందా, తడి నేలను తట్టుకుంటుందా అన్నవి చాలావరకు కింది వేరు మీదే ఆధారపడి ఉంటాయి. నూరేళ్ల కిందట ఇంగ్లండులో కూడా నర్సరీలవాళ్లు ‘పారడైజ్’ అన్న ఒకే పేరుతో రకరకాల వేరు మూలాలను కలగాపులగంగా అమ్ముతుండేవారు. కెంట్‌లోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రంలో రొనాల్డ్ హాటన్ వాటిని సేకరించి, వేరుచేసి, అంకెలతో పేర్లు పెట్టాక గాని ఆ గందరగోళం తీరలేదు. ఈనాడు ప్రపంచమంతా వాడే ఎం.9 అన్న పొట్టి వేరు మూలం ఆ వరసలోదే. ఎం.9 మీద కట్టిన చెట్టు ఎనిమిది, పదడుగులకు మించదు, త్వరగా కాస్తుంది, కానీ జీవితాంతం దానికి గుంజ ఆసరా కావాలి. ఎం.ఎం.111 అనే మరో వేరు మూలం మీద కట్టినది తన కాళ్ల మీద తాను నిలబడుతుంది, పెద్ద చెట్టవుతుంది, కాపుకు మాత్రం ఆలస్యం చేస్తుంది. నేను కొన్న చెట్టు 2021 వానలకు నేల నానినప్పుడు ఒక్క రాత్రి గాలికే పక్కకు ఒరిగింది. దాని వేరు ఫలానాదని ముందే తెలిసి ఉంటే, నాటిన రోజే గుంజ పాతి ఉండేవాళ్లం. ‘సెమీ డ్వార్ఫ్’ అన్న మాట ఒక్కటే రాసి అమ్మడం అంటే, వందేళ్ల కిందట తీరిన చిక్కును మళ్లీ కొనేవాడి నెత్తిన పెట్టడమే.

రెండో పద్ధతికి నేను పోస్టు ద్వారా తెప్పించిన వేరు మూలాలు ఈ విషయంలో ఏ లోటూ లేకుండా వచ్చాయి. ఒక్కొక్కటీ నాలుగు డాలర్ల చొప్పున పది తెప్పించాను. పెన్సిల్ లావున్న మొక్కలు, తడి కాగితపు ముక్కల్లో చుట్టిన వేళ్లు, ప్రతి కట్టకూ పేరు రాసిన చీటీ. అందులో ఆరు జి.890, నాలుగు ఎం.ఎం.111. జి అక్షరంతో మొదలయ్యేవి మాకు గంట దూరంలోని జెనీవాలో, కార్నెల్ విశ్వవిద్యాలయపు పరిశోధన కేంద్రంలో పుట్టిన వరస. పూత సమయంలో వెచ్చగా ఉండి వాన పడితే ఫైర్ బ్లైట్ అనే బాక్టీరియా తెగులు పూల గుండా దిగి, కొమ్మలను కాల్చినట్టు నల్లగా మాడ్చేస్తుంది. ఎం.9కు ఆ తెగులును తట్టుకునే శక్తి లేదు, జి.890కి ఉంది. మా నేల బంకమట్టి, ప్రతి చెట్టుకూ గుంజలు పాతి తీగలు లాగే ఓపిక నాకు లేదు, అందుకే ఈ రెండింటినీ ఎంచుకున్నాను. మీ నేల ఇసుకదైతే, స్థలం తక్కువైతే, మీ ఎంపిక వేరుగా ఉండాలి.

రకాల ఎంపికలో నేను పెట్టుకున్న నియమం ఒకటే: నోటితో రుచి చూడని రకాన్ని అంటు కట్టను. అక్టోబరులో ఇక్కడి తోటల దగ్గర బల్లలు వేసి అమ్మే చోట పది, పదిహేను రకాలు దొరుకుతాయి. ఒక్కొక్క రకానికి రెండేసి పండ్లు కొనుక్కొని, ఇంటికి తెచ్చి, ఒకటి ఆ రోజే తిని, రెండోదాన్ని క్రిస్మస్ దాకా ఫ్రిజ్‌లో దాచి తిని చూడటం మంచిది. దాచే కొద్దీ కొన్ని పిండిలా అయిపోతాయి, కొన్ని మరింత రుచి తేలతాయి. ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో 1700 ప్రాంతంలో పుట్టిన ఆష్‌మీడ్స్ కెర్నెల్ రెండో కోవకు చెందినది. చూపుకు ఏమాత్రం ఆనదు, తొక్క సపోటా పండు తొక్కలా గరుకుగా, మట్టి రంగులో ఉంటుంది. కోసిన రోజు పులుపు పళ్లకు తగిలేంత పదునుగా ఉంటుంది. డిసెంబరుకు ఆ పులుపు అలాగే నిలబడి దాని కింద చక్కెర పేరుకుంటుంది. రసాల మామిడి తిని పెరిగినవాళ్లకు యాపిల్ చప్పగా అనిపించడం సహజం, నాకూ అలాగే అనిపించేది. ఆ అభిప్రాయాన్ని మార్చిన పండు ఇదే. కాపు తక్కువ అన్నది నిజమే అయినా, నా పెరట్లో చివరిదాకా ఉంచుకోవలసిన ఒక్క చెట్టును ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను.

మందులు కొట్టడం ఇష్టంలేనివారికి లిబర్టీ తగిన రకం. జెనీవా కేంద్రం నుంచే 1978లో వచ్చిన ఈ రకానికి స్కాబ్ అనే మచ్చ తెగులు సోకదు. ముదురు ఎరుపు, మంచి కరకర, మా పిల్లలు చెట్టు కిందే నిలబడి తినేస్తారు. మూడోది రోడ్ ఐలండ్ గ్రీనింగ్ అనే పాత ఆకుపచ్చ రకం. దీన్ని ఎంచుకున్నది ఆవకాయ కోసం. బయటి దేశాల్లో మన ఇళ్లల్లో గ్రానీ స్మిత్ యాపిల్‌తో ఆవకాయ పెట్టడం అందరికీ తెలిసినదే కాని, గ్రానీ స్మిత్‌కు వేసవి చాలా పొడుగ్గా ఉండాలి. మా చలికి అది పూర్తిగా తయారు కాదు. గ్రీనింగ్ ఈ నేలకు అలవాటుపడినది, సెప్టెంబరు మొదట్లో గట్టిగా, పుల్లగా ఉన్నప్పుడు కోస్తే ముక్క నిలుస్తుంది. దాని పుప్పొడి మాత్రం పనికిరాదు కాబట్టి పక్కన పుప్పొడినిచ్చే రకాలు కనీసం రెండుండాలి. ఈ ఒక్క విషయం చూసుకోకుండా రకాలు ఎంచుకొని, చెట్లు పూసి రాలిపోతున్నాయని బాధపడినవారు నాకు తెలుసు.

దుకాణాల్లో ఇష్టపడి కొనుక్కునే ప్రతి రకాన్నీ ఇంట్లో కట్టుకోవచ్చునా అని చాలామంది అడుగుతుంటారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1991లో విడుదల చేసిన హనీక్రిస్ప్‌కు అమెరికాలో పేటెంటు 2008లో ముగిసింది, కాబట్టి దాన్ని కట్టుకోవచ్చు. కాస్మిక్ క్రిస్ప్ లాంటి కొత్త రకాలకు పేటెంటు ఇంకా అమల్లో ఉంది, వాటి పుల్ల ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకూడదు.

పుల్లలు ఫిబ్రవరిలో, చెట్టు నిద్రలో ఉన్నప్పుడు కోసినవి కావాలి. మా తాతయ్యకు నూజివీడు దగ్గర మామిడి తోట ఉండేది. అక్కడ అంటు కట్టడమంటే వానలు పడ్డాక పెద్ద రసం చెట్టు కింద మంచె కట్టి, కుండీల్లోని టెంక మొక్కలను కొమ్మల ఎత్తుకు చేర్చి, రెండింటి బెరడూ చెక్కి, నారతో కలిపి బిగించి, తల్లి చెట్టు నుంచి వేరుచేయకుండానే రెండు, మూడు నెలలు కాచుకోవడం. యాపిల్ దీనికి పూర్తిగా విరుద్ధం. తల్లి నుంచి తెంపిన పుల్ల తడి కాగితంలో, ప్లాస్టిక్ సంచిలో, ఫ్రిజ్‌లో రెండు నెలలు కళ్లు మూసుకొని నిద్రపోతుంది. అయితే పండ్లున్న అరలో దాన్ని పెట్టకూడదు. పండే యాపిల్ నుంచి వచ్చే ఎథిలీన్ వాయువు పుల్ల మీది కళ్లను, అంటే చిగురు పుట్టే మొగ్గలను, చంపేస్తుంది. మొదటి ఏడు నాకు ఆ సంగతి తెలియక కూరగాయల అరలో, యాపిళ్ల పక్కనే పెట్టాను. పదింటిలో ఆరే పట్టాయి. రెండో ఏడు వేరే అరలో పెడితే పదింటిలో తొమ్మిది పట్టాయి.

పనిముట్ల విషయానికి వస్తే, డబ్బు పెట్టవలసింది కత్తి మీద. ఒకవైపే పదును ఉండి రెండోవైపు చదునుగా ఉన్న అంటు కత్తి కావాలి. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు ఎడమచేతి కత్తినే అడిగి తీసుకోవాలి. నాది 30 డాలర్ల కత్తి, ముంజేతి వెంట్రుకలు గొరిగేంత వరకు సాన పెట్టి గాని పనిలోకి దిగను. మోచేతిని పక్కటెముకలకు ఆనించి, మణికట్టు కదలకుండా చేయంతా ఒక్కసారిగా లాగితే అంగుళంన్నర పొడవున ఏటవాలు కోత నున్నగా వస్తుంది. వేరు మూలానికీ పుల్లకీ ఒకే కోణంలో అలాంటి కోత పెట్టి, ఒక్కొక్క దాంట్లో నాలుకలాంటి చీలిక దించి, ఒకదానిలో ఒకటి దూరేలా జతచేయాలి. కట్టే ముందు ఆ జతను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తాను. రెండు కోతల మధ్య సన్నని వెలుగు గీత కనబడితే ఆ అంటు పట్టదు, మళ్లీ కోయాలి. బెరడుకీ చెక్కకీ మధ్య ఆకుపచ్చని పొర ఉంటుంది, అతుక్కునేది ఆ పొర ఒక్కటే. పుల్ల సన్నగా, వేరు లావుగా ఉంటే మధ్యలో పెట్టకుండా ఒక అంచుకు జరిపి, ఆ ఒక్క పక్కనైనా రెండు పొరలూ ఆనేలా చూడాలి.

కోత భయం ఉన్నవాళ్ల కోసం కత్తెరలా నొక్కితే ఒమేగా (Ω) ఆకారపు గాడి కోసే పరికరం ఒకటి అమ్ముతున్నారు. 40 డాలర్లు పెట్టి అదీ వాడి చూశాను. రెండు పుల్లలూ సరిగ్గా ఒకే లావు ఉంటేనే అది పనికివస్తుంది, పైగా కోత అంచుల్లో బెరడు నలిగిపోతోంది. దానితో కట్టిన ఐదింటిలో రెండే పట్టాయి. కత్తి చేతికి అలవాటయ్యేదాకా పెరట్లోని పనికిరాని కొమ్మల మీద ఒక సాయంత్రం సాధన చేస్తే ఆ డబ్బు మిగులుతుంది. కట్టడానికి మాత్రం పారాఫిల్మ్ టేపును నిస్సందేహంగా కొనమంటాను. సాగదీస్తే పల్చబడి తనకు తానే అంటుకుంటుంది, తడి ఆరనివ్వదు, ఎండకు ఏడాదిలో రాలిపోతుంది. అన్నిటికన్నా మంచి గుణం, కంటి మీదుగా చుట్టినా చిగురు దాన్ని చీల్చుకొని బయటికి వస్తుంది. నర్సరీలో మామిడి అంట్లకు చుట్టే పాలిథిన్ పట్టీని సమయానికి విప్పకపోతే కొమ్మను నొక్కేస్తుంది, దీనితో ఆ బాధ లేదు. కట్టిన మొక్కలను మూడు వారాలు చలి పడని గ్యారేజీలో తడి రంపపు పొట్టులో నిలబెట్టి, అతుకు దగ్గర తెల్లని కండ ఉబ్బడం కనబడ్డాక నేలలో పెడతాను. నాటిన రోజే ఇనుప వల చుట్టాలి. ఇక్కడ వేసవిలో జింకలు చిగుళ్లు తింటాయి, చలికాలంలో మంచు కింద చిట్టెలుకలు బెరడు కొరుకుతాయి.

వేరు మూలాలు, ఐదు రకాల పుల్లలు, కత్తి, టేపు అన్నీ కలిపి మొదటి ఏడు నాకైన ఖర్చు 110 డాలర్లు. పట్టినవి ఆరు చెట్లు. ఒక్కొక్క దాని వేరు పేరూ పైరకం పేరూ తేదీతో సహా నా దగ్గర రాసి ఉన్నాయి. ఆష్‌మీడ్స్ కెర్నెల్ జి.890 మీద 2023లో తొలి కాపు ఇచ్చింది, ఎం.ఎం.111 మీద కట్టినది ఇంకా పూయలేదు. తొందర ఉన్నవాళ్లు ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

ఈ పుల్లలను మన ఊళ్లకు పంపమని బంధువులు అడుగుతుంటారు. దిగుమతి అనుమతి, మొక్కల క్వారంటైన్ లేకుండా తీసుకెళ్లడం చట్టవిరుద్ధం. దానివల్ల తెగుళ్లు కూడా వెంట వెళతాయి. అంతేకాక ఇక్కడి రకాల్లో చాలావాటికి కళ్లు తెరవడానికి 7 డిగ్రీల సెల్సియస్ లోపు చలి సుమారు 800 నుంచి 1000 గంటలు కావాలి. తక్కువ చలితో సరిపెట్టుకునే ‘అన్నా’, ‘డోర్సెట్ గోల్డెన్’, హిమాచల్‌లో ఒక రైతు ఎంపిక చేసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 లాంటి రకాలు మన దేశంలోనే దొరుకుతున్నాయి. కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో పండిన యాపిళ్లు 2020లో వార్తల్లోకి వచ్చాయి కూడా. అక్కడ పెంచాలనుకునేవారు అలాంటి రకాలను, వేరు మూలం పేరు చెప్పగల నర్సరీ నుంచే తీసుకోవాలి.

2018లో కొన్న నాలుగు రకాల చెట్టును నేను నరికేయలేదు. ఒరిగిన మొదలుకు గుంజ కట్టి నిలబెట్టి, 2022 ఏప్రిల్ చివర, బెరడు గోటితో లాగితే ఊడివచ్చే రోజుల్లో, ఆ ఫ్యూజీ కొమ్మను నడుము ఎత్తున కోసేశాను. కోసిన మోడు అంచున బెరడును నిలువుగా చీల్చి, లోపలికి రోడ్ ఐలండ్ గ్రీనింగ్ పుల్లలు నాలుగు దించి, మేకులు కొట్టి, పైన మైనం పూశాను. నాలుగిట్లో మూడు చిగిర్చాయి. వాటిలో బాగా నిలిచినదాన్ని ఉంచి మిగతా రెండూ ఏటేటా కురచ చేస్తూ వచ్చాను. హనీక్రిస్ప్ కొమ్మకు పైనుంచి నీడ తగ్గాక అదీ కోలుకొని రెండేళ్లలో నాలుగడుగులు సాగింది. 2025 సెప్టెంబరులో ఆ గ్రీనింగ్ కొమ్మ నుంచి పదకొండు కాయలు కోశాను. కోసిన ముక్క నల్లబడకముందే గుడ్డతో తుడిచి, ఉప్పూ నూనే పట్టించి, ఆవపిండీ కారమూ కలిపితే రెండు చిన్న జాడీలు అయింది. టెంక ఉండదు కాబట్టి ముక్క నెలకు మెత్తబడుతుంది. పెద్ద జాడీ పెట్టకుండా కొద్దికొద్దిగా కలిపి, ఫ్రిజ్‌లో ఉంచుకోవాలి.